మూడో గడిలో టిక్కులు

జనవరి 9

బాబాయ్‌కి,

"ఫోన్ చేస్తే సరిపోయేదానికి కవరూ స్టాంపూ ఎందుకే దీనికి" అని నువ్వు పిన్నితో అంటూ ఉంటావు. నాకు ఇక్కడికి వినబడుతోంది. ఈ కవరులో ఉన్న కాగితాలు ఫోన్లో పంపితే పనికిరావు. ఫోన్లో అయితే రెండు వేళ్లతో లాగి పెద్దవి చేసుకుని చూస్తావు. చిన్నగా ఉన్నప్పుడు అవి కంటికి ఎలా కనబడతాయన్నదే నాకు కావాలి. అందుకని కొలిచి అచ్చు వేయించి పంపుతున్నాను. ఎలాగూ స్టాంపు అంటిస్తున్నాం కదా అని ఉత్తరం కూడా రాస్తున్నాను. రోజంతా ఆఫీసు భాష రాసి రాసి చెయ్యి మొద్దుబారింది. కాస్త మనుషుల భాష రాసుకుంటే హాయిగా ఉంటుంది.

నేను చేసే పని ఏమిటో నాన్నకి పదిసార్లు చెప్పాను. మొన్న ఎవరో అడిగితే "ఏదో కంప్యూటర్లో" అన్నాడు. నీకైనా సరిగ్గా చెబుతాను. ఇంటర్నెట్లో వెబ్‌సైట్ల అడ్రసులు మొన్నమొన్నటిదాకా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండేవి. ఇప్పుడు మన అక్షరాల్లో కూడా పెట్టుకోవచ్చు. బాగానే ఉంది. కానీ మన అక్షరాల్లో కొన్ని కవల పిల్లల్లా ఉంటాయి. ఒకరు ఒక పేరు తీసుకుంటారు. ఇంకొకడు వచ్చి అందులో ఒక్క అక్షరం మార్చి, చూడ్డానికి అచ్చం అలాగే ఉండే పేరు తీసుకుని పక్కనే దుకాణం తెరుస్తాడు. జనం తెలియక అక్కడికి పోతారు. అందుకని, ఏ అక్షరాన్ని చూసి ఏ అక్షరమనుకుంటారో జంటలు జంటలుగా జాబితా రాయాలి. జాబితాకెక్కిన జంటలో ఒకదానితో ఎవరైనా పేరు తీసుకుంటే, రెండోదానితో వచ్చే పేరు ఇంకెవరికీ ఇవ్వరు. దానికి తాళం పడిపోతుంది.

అన్నిటికీ తాళం వేసేస్తే పోలేదా అంటావేమో. అప్పుడు బుద్ధిమంతులకి కూడా పేర్లు దొరకవు. వెయ్యకపోతే దొంగలకి పండగ. ఈ రెండింటి మధ్యా మేం ఐదుగురం పదకొండు నెలలుగా ఒక బల్ల చుట్టూ కూర్చుని ఉన్నాం. మెట్ల వెనక గది, ఒకటే కిటికీ, అది కూడా లిఫ్టు గోడకేసి తెరుచుకుంటుంది. మా పండితుడుగారు ఏ జంట పేరెత్తినా "అవి వేరు వేరు అక్షరాలు, వాటిని ఒకటిగా కట్టెయ్యడం భాషకి అవమానం" అంటారు. ఇంజినీరమ్మ ఏ జంట పేరెత్తినా తాళం వెయ్యమంటుంది. అధ్యక్షుడుగారు గడియారం చూసుకుంటారు. ఏప్రిల్ నెలాఖరుకి జాబితా వెళ్లిపోవాలి. వెళ్లాక మార్చడం అయ్యే పని కాదు. ఎందుకంటే ఒకసారి ఇచ్చేసిన పేరుని వెనక్కి లాక్కోలేం.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. ఒక్కో వరసలో రెండేసి అక్షరాలుంటాయి. పిన్నిని పక్కన కూర్చోబెట్టుకో. పిన్ని వరస మీద అట్ట పెట్టి, తీసి, "ఒకటి" అని మళ్లీ మూసేస్తుంది. నీకు కనబడినదాన్నిబట్టి టిక్కు పెట్టాలి. ఒకేలా ఉంటే మొదటి గడి. ఆగి చూస్తే తేడా తెలిసేలా ఉంటే రెండోది. వేరని ఇట్టే తెలిస్తే మూడోది. నలభైమంది మామూలు జనం చేత ఇప్పటికే చేయించాం. వాళ్ల టిక్కులు సగం సగంగా చీలిపోయిన చోట, అక్షరాలు చూడటమే వృత్తిగా బతికిన ఒక మనిషి మాట తీసుకుందామని తీర్మానం చేశాం. ముప్పై నాలుగేళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాడు మా ఇంట్లోనే ఉన్నాడని నేనే గొప్పగా చెప్పాను. పరువు నిలబెట్టు.

మన చిన్నది ఎలా ఉంది? నీ కూతురన్న మాటే గానీ దానికి జడలు వేసింది నేను. ఇంకా ఆ మందుల ప్యాకింగుకే వెళ్తోందా? నిరుడు దానికి జరిగింది మీటింగులో చెప్పాను, పేరు చెప్పలేదులే. మా చెల్లెలు ఒకతి తొందరపాటులో నకిలీ అడ్రసుకి అప్లికేషన్ పెట్టి నర్సింగ్ సీటు పోగొట్టుకుందని చెబితే అందరూ అయ్యో అన్నారు. దానికి చెప్పకు, చిన్నబుచ్చుకుంటుంది.

కాగితాలు మడత పెట్టకుండా తిరిగి పంపు.

నీ అన్న కూతురు,
పెద్దది


జనవరి 24

పెద్దపిల్లకి,

కాగితాలు అందాయి, చేశాను, ఇందులోనే పంపుతున్నాను. మడత పెట్టలేదు. దానికోసం ఊరంతా తిరిగి పెద్ద కవరు కొనాల్సొచ్చింది.

మీ పిన్నితో ఈ పని చేయించడం ఎంత కష్టమో నీకు తెలియదు. మొదటి పది వరసలూ బాగానే చేసింది. ఆ తర్వాత అట్ట తీసి తను చూడటం మొదలుపెట్టింది. "ఇవి రెండూ ఒకటే కదండీ" అని నాకన్నా ముందు తీర్పు చెప్పేసేది. నోరు మూసుకోమంటే అట్ట మూసేసింది. పొయ్యి మీద పాలు పొంగినప్పుడు అట్ట నాకిచ్చి లేచిపోయింది, అప్పుడు నేనే తీసుకుని నేనే మూసుకున్నాను. అవి ఏ వరసలో పక్కన రాశాను, లెక్కలోకి తీసుకోకు.

నా సంగతి మామూలే. మధ్యాహ్నం పూట లేబుళ్ల దుకాణానికి వెళ్తున్నాను. మందు సీసాల మీద అంటించేవి. ఒక్కో లేబులు మీద చీమ తలంత అక్షరాలు రెండొందలుంటాయి. ప్రెస్సులో ఉన్నప్పుడు ఒక పుస్తకం దిద్దితే కనీసం కథ ఏమైందో తెలిసేది. ఇక్కడ ఎంత చదివినా "పిల్లలకు అందనంత దూరంలో ఉంచండి" అనే ముగింపే. సాయంత్రానికి కళ్లలో ఇసక పోసినట్టుంటుంది.

చిన్నది బాగానే ఉంది. పొద్దున పోతుంది, సాయంత్రం వస్తుంది. మాటలు తగ్గించింది. ఈ ఏడాది మళ్లీ నర్సింగుకి అప్లై చెయ్యమని మీ పిన్ని అంది. "ఏ సీసా ఏదో చూసుకోవాల్సిన పని అమ్మా అది, నాకంత జాగ్రత్త లేదు" అని కంచం తీసుకుని లేచిపోయింది.

మీ మీటింగులో దాని సంగతి చెప్పకుండా ఉండాల్సింది.

ఆశీస్సులతో,
బాబాయి


ఫిబ్రవరి 6

బాబాయ్‌కి,

నీ కాగితాలు చూసి ఇంజినీరమ్మ మెచ్చుకుంది. "ఈయన చెయ్యి వణకదు" అంది. టిక్కులన్నీ ఒకే కొలతలో ఉన్నాయట. పిన్ని లేచిపోయిన వరసలు తీసేశాను.

ఒక్క చోట నాకు అర్థం కాలేదు. నీకు ముందు చెప్పలేదు గానీ, ఆ కాగితాల్లో కొన్ని జంటల్ని కావాలనే నాలుగేసిసార్లు వేశాం. మనిషి ఒకే మాట మీద ఉంటాడా లేదా చూడటానికి. నువ్వు ఉన్నావు. డ, ఢల మధ్య తేడా కింద ఉన్న చిన్న గీత ఒక్కటే. నాలుగుసార్లూ మొదటి గడిలో పెట్టావు. చ, ఛలు కూడా అంతే. కానీ ధ, థల దగ్గరికి వచ్చేసరికి నాలుగుసార్లూ మూడో గడి. వేరని ఇట్టే తెలిసిపోతాయని. తేడా అంతా పొట్టలో చుక్క ఒక్కటే కదా బాబాయ్! ఆ సైజులో అది నాకు దుమ్ములా కనబడుతుంది. నలభైమందిలో ఇరవై ఒక్కమంది ఒకేలా ఉన్నాయన్నారు, పందొమ్మిదిమంది లేదన్నారు. అంటే ఇప్పుడు నీ మాటే ఆఖరు మాట.

నిరుడు చిన్నదాన్ని ముంచింది ఈ జంటే. ఆ నర్సింగ్ బడి పేరులో ఉన్న ధ తీసేసి థ పెట్టి నకిలీది తెరిచారు. ఎవరో పంపిన లింకు పట్టుకుని అది అక్కడ అన్నీ నింపేసింది. "మీ దరఖాస్తు అందింది" అని వచ్చేసరికి నిశ్చింతగా కూర్చుంది. జాబితాలు వచ్చాక బడికి వెళ్లి అడిగితే, నీ పేరుతో మాకేమీ రాలేదు, గడువు దాటిపోయింది అన్నారు.

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఆ రోజు మా ముందుగదిలో అందరం కూర్చున్నప్పుడు, నాన్న దాన్ని "చదువుకున్న పిల్లవి, అడ్రసు చూసుకోవద్దా" అని కేకలేశాడు. "నాన్నకి చూపించాను పెదనాన్నా, బాగానే ఉందన్నాడు" అంది అది. నువ్వు "నాకెప్పుడు చూపించావే?" అన్నావు. పొరపాటు చేసింది చాలక నీ మీదికి నెట్టిందని నీకు కోపం వచ్చిందని నాకు తెలుసు. ఆ కోపం ఇంకా పోలేదనుకుంటాను. భయంలో ఒక మాట అనేసింది బాబాయ్. దాని మీద కోపం అక్షరాల మీద చూపించకు. ఇంకొక కాగితం పెడుతున్నాను, ఒక్కసారి మళ్లీ చూడు.

నేను బాగానే ఉన్నాను. అలిసిపోయాను అంతే. బస్సులో బోర్డులు చదవడం మానేశాను. చదివితే జంటలు వెతకడం మొదలవుతుంది.

నీ పెద్దది


ఫిబ్రవరి 19

పెద్దపిల్లకి,

నాకు ఎవరి మీదా కోపం లేదు. ఉన్నా దాన్ని కాగితాల మీద చూపించేంత చిన్నవాణ్ణి కాను.

నువ్వు పంపిన కాగితం చెయ్యకుండానే తిప్పి పంపుతున్నాను. ఒకసారి దిద్దిన ప్రూఫుని "ఇంకోసారి చూడండి" అని వెనక్కి పంపడమంటే ఏమిటో నీకు తెలియదు. ప్రెస్సులో నాకది మొత్తం ఉద్యోగంలో రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ తప్పు పంపినవాడిదే. పిల్లల వాచకాలు, నిఘంటువులు, పరీక్ష కాగితాలు నా చేతి మీదుగా పోయాయి. చివర నేను టిక్కు కొట్టి సంతకం పెడితే ఇంక యజమాని కూడా చూసేవాడు కాదు, మిషను తిప్పెయ్యమనేవాడు. ఆ టిక్కు మీద బతికాను.

పొట్టలో చుక్క ఉంటే థ, లేకపోతే ధ. ఒకటో తరగతి పిల్లవాడికి తెలుసు. చూసేవాడికి అవి వేరు. చూడనివాడికి అన్నీ ఒకటే, వాడి కోసం నియమాలు రాసుకుంటూ పోతే చివరికి ఒక్క అక్షరం మిగలదు. నా టిక్కులు మార్చను.

ముందుగదిలో జరిగినదాని గురించి ఎందుకు తవ్వుతున్నావు? నీకేమైనా తెలిస్తే సూటిగా రాయి. తెలియకపోతే వదిలెయ్యి.

పిన్ని నిన్ను అడిగానని చెప్పమంది.

బాబాయి


మార్చి 8

బాబాయ్‌కి,

నీ పని మీద అనుమానపడ్డట్టు నీకు తగిలిందని అర్థమైంది. తప్పు నాదే. అడగకూడని మనిషిని అడగకూడని మాట అడిగాను. క్షమించానని ఒక ముక్క రాయి, లేకపోతే పిన్ని చేత రాయించు.

నీ మాట ప్రకారమే చేశాను. నిన్న మీటింగులో ధ, థల జంట తీసేశాం. నీ ఉత్తరంలోంచి "చూసేవాడికి అవి వేరు, చూడనివాడికి అన్నీ ఒకటే" అన్న వాక్యం చదివి వినిపించాను. పండితుడుగారు బల్ల మీద చరిచారు. "జనం కథని కధ అని రాస్తుంటే మీరు దానికి తాళం వేసి, రెండూ ఒకటేనని ముద్ర కూడా కొడతారా అని పదమూడు నెలలుగా మొత్తుకుంటున్నాను, చూశారా, అసలైన పనివాడు ఏమన్నాడో" అన్నారు. ఆ వాక్యం మా నివేదికలో మొదటి పేజీలో పెట్టాలట. ఇంజినీరమ్మ మాత్రం నావైపు ఒక్క చూపు చూసి పెన్ను మూసేసింది. అధ్యక్షుడుగారు "తర్వాతి జంట" అన్నారు. నాకు గెలిచినట్టూ లేదు, ఓడినట్టూ లేదు. సాయంత్రం నాలుగైంది, టీ కూడా చల్లారిపోయింది, ఇంకా డెబ్భై జంటలున్నాయి.

ఇంకో సంగతి. ఈ పొద్దున చిన్నది ఫోన్ చేసింది. ఎన్నాళ్లకో. నా పని గురించి అడిగింది, నేనూ అలసటలో అన్నీ వాగేశాను. "అక్కా, ఆ రెండూ మీ జాబితాలో ఉన్నాయా?" అని అడిగింది. లేవన్నాను. మీ నాన్న వాటిని పొరబడే ఛాన్సే లేదని రాశాడు, ఆయన మాటే తీసుకున్నాం అని చెప్పాను. లైను పోయిందేమోనని హలో హలో అన్నాను. "అయితే నేను చూపించే ఉండను అక్కా" అంది. నెమ్మదిగా, ఏడుపేం లేకుండా. పనికి టైమైందని పెట్టేసింది.

చూశావా, ఇన్నాళ్లకి తనంతట తనే ఒప్పుకుంది. చూపించాను అన్న మాట వెనక్కి తీసుకుంది. ఇంక నువ్వు కూడా మనసు తేలిక చేసుకో బాబాయ్. ఈసారి నువ్వే ముందు మాట్లాడు దానితో.

నీ పెద్దది


మార్చి 17

పెద్దపిల్లకి,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మూడుసార్లు రాయడం మొదలుపెట్టి చింపేశాను. ఇది నాలుగోది. ఎలా వస్తే అలా పంపేస్తాను, దిద్దను.

అది నాకు చూపించింది.

నిరుడు, మధ్యాహ్నం భోజనమయ్యాక, దుకాణానికి వెళ్లబోతూ చెప్పులు వేసుకుంటున్నాను. ఫోను పట్టుకుని వచ్చింది. "నాన్నా, ఈ అడ్రసు సరైనదేనా, ఓసారి చూసి చెప్పవా? నీకు బాగా తెలుస్తుంది కదా" అంది. కళ్లజోడు పెట్టుకునే ఉన్నాను. వెలుతురు బాగానే ఉంది. ఫోను చేతిలోకి తీసుకుని చూశాను. బడి పేరు కనబడింది. నాకు తెలిసిన పేరు, రోజూ ఆ బోర్డు కింద నుంచే బస్సు పోతుంది. అక్షరం అక్షరం చూడలేదు, పేరు చూశాను. "బాగానే ఉంది, పెట్టెయ్" అన్నాను. అది నవ్వి వీధి గుమ్మం దాకా వచ్చింది.

ఎవరి ప్రూఫైనా అయితే ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూసేవాణ్ణి. సొంత కూతురిదానికి గుమ్మంలో నిలబడి ఒక చూపు పడేశాను.

మీ ముందుగదిలో అన్నయ్య కేకలేసినప్పుడు, అది "నాన్నకి చూపించాను" అన్నప్పుడు, గదిలో అందరూ నావైపు తిరిగారు. అన్నయ్య, వదిన, నువ్వు, మీ పిన్ని. ముప్పై నాలుగేళ్లలో నన్ను ఎవరూ అలా చూడలేదు. ఆలోచించి అనలేదమ్మా, నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోవడానికి ఒక్క నిమిషం టైముంది. ఆ నిమిషం పోయింది. తర్వాత రోజు చెబుదామనుకున్నాను. తర్వాత వారం అనుకున్నాను. అది ప్యాకింగులో చేరింది, ఇంక ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకున్నాను. నేను దానితో మాట్లాడకపోవడం కోపంతో అని మీరంతా అనుకున్నారు. మొహం చూడలేక.

కాగితాల సంగతి కూడా చెబుతాను. మీ పిన్ని అట్ట తీసి "ఒకటి" అనేది. ధ, థలు నాలుగుసార్లు వచ్చాయి. నాలుగుసార్లూ నాకు ఒకేలా కనబడ్డాయి. నాలుగుసార్లూ మూడో గడిలో పెట్టాను. మొదటి గడిలో పెడితే నేను కూడా పొరబడతానని ఒప్పుకున్నట్టే కదా. కాగితం మీద కూడా ఒప్పుకోలేకపోయాను. నువ్వు నా వాక్యం అందరికీ చదివి వినిపించానని రాస్తే, నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అయినా అది కూడా ఓర్చుకునేవాణ్ణేమో. "అయితే నేను చూపించే ఉండను" అందని రాశావే, అది ఓర్చుకోలేకపోతున్నాను. నువ్వు దాన్ని ఒప్పుకోవడం అనుకున్నావు. కాదమ్మా.

వేరే కాగితం మీద ఒక వాఙ్మూలం రాసి సంతకం పెట్టాను. ప్రూఫులు దిద్దడంలో ముప్పై నాలుగేళ్లు గడిపిన నేను పట్టపగలు, కళ్లజోడు పెట్టుకుని, ఈ రెండు అక్షరాలనూ పొరబడ్డానని, పరీక్ష కాగితాల్లో కావాలని తప్పు టిక్కులు పెట్టానని. మీ వాళ్ల ముందు పెట్టు. ఆ జంటకి తాళం వేయించు. ఇంకొకరి పిల్ల నాలాంటి తండ్రికి చూపించి మోసపోకూడదు.

ఇంట్లో నేనే చెబుతాను. ఎప్పుడో నాకే తెలియదు.

బాబాయి


మార్చి 29

బాబాయ్‌కి,

చాలా కోపం వచ్చింది. ఉత్తరం చదివి సొరుగులో పడేసి రెండు రోజులు ముట్టుకోలేదు. నిన్ను తిట్టడానికి మాటలు వెతుక్కుంటుంటే నేను రాసిన ఉత్తరాలే గుర్తొచ్చాయి. "తొందరపాటులో" అని దాని గురించి పరాయివాళ్ల ముందు చెప్పింది నేను. "తనంతట తనే ఒప్పుకుంది" అని సంబరపడింది నేను. ఆ రోజు ముందుగదిలో నీ మాట వినగానే నేను కూడా దాని మొహంలోకి చూశాను బాబాయ్, ఎందుకే అబద్ధం అన్నట్టు. అందుకని తిట్టడం మానేశాను. కోపం మాత్రం పోలేదు, అది ఉండనీ.

నీ వాఙ్మూలం మీటింగులో చదివాను. చివరి నాలుగు వాక్యాల దగ్గర కాగితం పక్కకి జరిపితే ఇంజినీరమ్మ అందుకుని చదివింది. పండితుడుగారే ముందు నోరు విప్పి "పెద్దాయనకి చూపు తగ్గి ఉంటుంది, దానికి అక్షరాలేం చేస్తాయి?" అన్నారు. "ఆయన రోజూ మందు లేబుళ్లు దిద్దుతున్నారండీ" అన్నాను. "అయితే అవి కూడా చూసుకోవాలి" అన్నారు. లేచి బయటికి పోదామనుకున్నాను. ఇంజినీరమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "ఆయన కళ్లు మంచివి కాబట్టే దీనికి విలువ. తెలిసిన పేరు అయితే మంచి కళ్లు కూడా అక్షరాలు చూడవు, పేరు చూస్తాయి. మన జాబితా అందుకే కదా?" అంది. ఓటు పెట్టారు. ముగ్గురు అవునన్నారు, పండితుడుగారు కాదన్నారు. అధ్యక్షుడుగారు ఆ రోజు మొదటిసారి గడియారం చూసుకోలేదు, ఓటు కూడా వెయ్యలేదు. జంట జాబితాకెక్కింది. నీ వాక్యం మొదటి పేజీలోంచి తీసేశాం.

ఒక ప్రశ్న మిగిలింది. నివేదికతో పాటు ఆధారాలు కూడా అందరికీ కనబడేలా వెబ్‌సైట్లో పెట్టాలి. నీ వాఙ్మూలం కూడా. పేరు లేకుండా "ఒక ప్రూఫ్ రీడరు" అని పెట్టొచ్చు, నియమాలు ఒప్పుకుంటాయి. పేరు లేకపోయినా జంటకేమీ నష్టం లేదు. అప్పుడు నువ్వు చెబితే తప్ప మన ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను చెప్పను. చెప్పాల్సింది నేను కాదు. ఏప్రిల్ పదో తారీకులోపు నాకు తెలియజెయ్యి, పేరు ఉండాలా వద్దా.

ఇలా అడుగుతున్నందుకు నా మీద నాకే విసుగ్గా ఉంది. కానీ ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంది, అడగక తప్పదు.

పెద్దది


ఏప్రిల్ 7

పెద్దపిల్లకి,

పేరు పెట్టు. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. ఏ ప్రెస్సులో ఎన్నేళ్లు చేశానో అది కూడా పెట్టు. కింద ఇంకొక వాక్యం చేర్చమని మనవి: "నా కూతురు నాకు చూపించింది, నేను బాగానే ఉందన్నాను." ఆ వాక్యం ముందు రాసినదాంట్లో లేదు. నేను పొరబడ్డాననే రాశాను గానీ అది నన్ను అడిగిందని రాయలేదు. అప్పుడు కూడా సగమే రాశానన్నమాట.

వచ్చే ఆదివారం మీ నాన్న దగ్గరికి వస్తున్నాను. ఆ ముందుగదిలోనే చెబుతాను. వదినని కూడా ఉండమను. నువ్వూ వీలైతే రా. మీ పిన్నికి చెప్పాను. మొన్నటి నుంచి నాకు అన్నం వడ్డిస్తోంది, మాట్లాడటం లేదు. అందులో అన్యాయమేమీ లేదు. లేబుళ్ల దుకాణంలో కూడా చెప్పాను, నేను దిద్దినవి ఇంకొకరు కూడా చూడాలని. దుకాణం యజమాని వింతగా చూసి సరేనన్నాడు.

చిన్నదానికి నిన్న చెప్పాను. పని నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్లు విప్పుకుంటోంది. ప్యాకింగులో రోజంతా నిలబడే పని, సాయంత్రానికి పాదాలు వాచిపోతాయి. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో చాలా అనుకున్నాను గానీ, అనుకున్నదేదీ గుర్తు రాలేదు. "నువ్వు నాకు చూపించావమ్మా. నేనే సరిగ్గా చూడలేదు. అందరి ముందూ అబద్ధం ఆడాను" అన్నాను.

అరుస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏమన్నా పడటానికి సిద్ధంగా కూర్చున్నాను. అది తాడు సగం విప్పి అలాగే పట్టుకుని నా మొహం చూస్తూ ఉండిపోయింది.

"చూపించానా?" అంది.

నాకు మొదట అర్థం కాలేదు.

"నిజంగా చూపించానా నాన్నా? మొదట్లో నాకు బాగా గుర్తుండేది. నువ్వు చెప్పులు వేసుకుంటున్నట్టు, నేను ఫోన్ ఇచ్చినట్టు. తర్వాత తర్వాత అనుమానం వచ్చింది. చూపిద్దామనుకుని చూపించలేదేమో, ఊరికే ఊహించుకున్నానేమో అని. నువ్వు అబద్ధం ఆడవు కదా మరి. అక్క ఫోన్లో చెప్పాక, నాన్నకి చూపించి ఉంటే నాన్న పట్టుకునేవాడే, కాబట్టి చూపించలేదు అనుకున్నాను. ప్యాకింగులో కూడా ఒక్కో డబ్బా రెండేసిసార్లు లెక్కపెడుతున్నాను. నాకు గుర్తున్నదేదీ నిజమని నమ్మబుద్ధి కావడం లేదు."

ఏడాది పాటు నా పరువు కాపాడుకున్నాననుకున్నాను. దేన్ని పెట్టి కాపాడుకున్నానో నిన్న తెలిసింది.

"చూపించావు" అన్నాను. "నేను చెప్పులు వేసుకుంటున్నాను. నువ్వు ఫోన్ ఇచ్చావు. నీకు గుర్తున్నది గుర్తున్నట్టే జరిగింది."

"మళ్లీ చెప్పు" అంది.

చెప్పాను. ఇంకోసారి అడిగింది, ఇంకోసారి చెప్పాను. అప్పుడు తల గోడకి ఆనించి కళ్లు మూసుకుంది. నన్ను క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. ఈ పొద్దున పనికి వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి మళ్లీ అడిగింది. సాయంత్రం వచ్చాక కూడా అడుగుతుందేమో. అడిగినన్నాళ్లూ చెబుతాను.

బాబాయి